చలి మొదలయ్యాక బెంగళూరులో బయట ఏం తినాలి, ఎప్పుడు తినాలి?

మీ ప్రశ్న ఇదీ: సెప్టెంబర్‌లో విజయవాడ నుంచి వచ్చి కాడుగోడి దగ్గర దిగారు. నవంబర్‌లో అమ్మానాన్నలు రెండు వారాలు ఉండేలా వస్తున్నారు. మాల్‌లో ఫుడ్ కోర్టులు, ఆఫీసు పక్కన బఫేలు తప్ప మీకు ఊరు తెలియదు. ఈ చలి మొదలయ్యే రోజుల్లో వాళ్లను తిప్పి, మంచివి తినిపించాలంటే ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, అమ్మగారికి కార్తీక సోమవారాల ఉపవాసం అని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. ఆదివారం కాకుండా పనిరోజు వెళ్లండి, పొద్దున ఆరున్నరకే ఇల్లు కదలండి, ఒక్కోచోట ఒక్క రకమే తినండి. కార్తీకం ఆఖరి సోమవారం ఇక్కడ శెనక్కాయల జాతర, అప్పుడు వాళ్లు ఊళ్లో ఉండేలా టికెట్లు చూసుకోండి. మిగతాదంతా దీని చుట్టూ సర్దుకోవచ్చు. పేరున్న హోటళ్ల జాబితా పట్టుకుని తిరగొద్దు. నవంబర్ నుంచి జనవరి దాకా ఈ ఊళ్లో తినడం పొద్దుటి పూట మీద, చేలోంచి వచ్చే కాయల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ పట్టుకుంటే చాలు.

నాది హిందూపురం. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, హనుమంతనగర్‌లో ఇల్లు. అందులో పదకొండేళ్లు చిన్న క్యాటరింగ్ నడిపాను. ఏటా చలికాలంలో ఊరి నుంచి చుట్టాలు వస్తారు, వాళ్లందరినీ తిప్పేది నేనే. కాబట్టి ఇది చదివి చెప్పే మాట కాదు, నడిచి, తిని చెప్పే మాట.

ముందు చలి సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. నవంబర్‌లో రాత్రి 17, 18 డిగ్రీలకు దిగుతుంది, మధ్యాహ్నం 27 దాకా వెళుతుంది. వణికించే చలేమీ కాదు. కానీ విజయవాడ ఒంటికి పొద్దున ఆరింటికి బాగానే తెలుస్తుంది. ఒక పల్చటి స్వెటర్, నాన్నగారికి చెవులు కప్పే మఫ్లర్ చాలు. తొమ్మిదిన్నరకల్లా ఎండ ఎక్కి స్వెటర్ చేతికొస్తుంది. అంటే ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఉండే ఆ రెండున్నర గంటలే అసలు చలికాలం. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలనిపించేది అప్పుడే. ఇడ్లీ మీద ఆవిరి కంటికి కనిపించేదీ అప్పుడే.

బంగాళాఖాతంలో తుపాను పడితే మాత్రం రెండు మూడు రోజులు ముసురు పట్టి, పగలంతా చల్లగా ఉంటుంది. గొడుగు ఎప్పుడూ సంచిలో ఉండాలి. అలాంటి సాయంత్రం మసాలా పూరి తినిపించండి. మన దగ్గర చాట్ అంటే చల్లటి పెరుగు, చింతపండు నీళ్లు గుర్తొస్తాయి. ఇక్కడి మసాలా పూరిలో నలిపిన పూరీల మీద పొగలు కక్కే బఠాణీ గుజ్జు పోస్తారు, పైన తరిగిన ఉల్లిపాయ, క్యారెట్ తురుము. ముసురులో తోపుడు బండి పక్కన నిలబడి అది తింటే ముక్కు, గొంతు రెండూ తెరుచుకుంటాయి.

ఇక పొద్దుటి టిఫిన్లు.

కాడుగోడి నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారండి. మెజెస్టిక్‌లో మెట్లున్నాయి, నాన్నగారి కోసం లిఫ్ట్ ఎక్కడుందో ముందే అడిగి పెట్టుకోండి. మొదటి రోజు లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగండి. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. పడమటి గేటులోంచి లోపలికి వెళ్లి, పెద్ద చెట్ల కింద నెమ్మదిగా నడుస్తూ, బెంచీ కనిపించిన చోటల్లా కూర్చుంటూ, మెయిన్ గేటు వైపు బయటికి రండి. అక్కడికి దగ్గర్లోనే ఎం.టి.ఆర్. ఉంది. 1924లో మొదలైన హోటల్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ చేయడం వీళ్లే మొదలుపెట్టారని చెబుతారు. అందుకే అక్కడ రవ్వ ఇడ్లీ తినాలి. ఆలుగడ్డ సాగు, అంటే పల్చటి కూర, చట్నీ, పక్కన కాస్త నెయ్యి. కుర్చీలు, బల్లలు ఉన్నాయి కాబట్టి నాన్నగారికి ఇబ్బంది ఉండదు. సోమవారం సెలవు, గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు గాంధీ బజార్. నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. అక్కడ విద్యార్థి భవన్, 1943 నుంచి ఉంది. దోశ మందంగా, ఎర్రగా, అంచు కరకరమంటూ, మధ్యలో మెత్తగా ఉంటుంది. మన పేపర్ దోశకు అలవాటుపడ్డ నోటికి మొదటి ముక్క కొత్తగా ఉంటుంది, మూడో ముక్కకు నచ్చేస్తుంది. ఒకే చేతి మీద దోశ పళ్లేలు దొంతరగా పేర్చుకుని నడిచొచ్చే సర్వర్‌ని అమ్మగారు తప్పకుండా చూడాలి. శుక్రవారం సెలవు.

చలికాలంలో ఈ దోశకు ఇంకో సంగతి ఉంది, పిండి పులిసే వేగం. ఎండాకాలం ఏడెనిమిది గంటల్లో పొంగే పిండికి డిసెంబర్‌లో పన్నెండు, ఒక్కోసారి పద్నాలుగు గంటలు పడుతుంది. నేను క్యాటరింగ్ మొదలుపెట్టిన ఏడాది డిసెంబర్‌లో ఒక పెళ్లికి రాత్రి పదింటికి రుబ్బించాను. తెల్లవారి నాలుగింటికి మూత తీస్తే పిండి వేసింది వేసినట్టే ఉంది. నూట యాభై మందికి ఇడ్లీ బదులు ఉప్మా పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి చలికాలం సాయంత్రం నాలుగింటికే రుబ్బించి, గిన్నెలు పొయ్యి పక్కన పెట్టించేవాణ్ణి. నెమ్మదిగా పులిసిన పిండిలో పులుపు ఘాటుగా ఉండదు, కమ్మగా ఉంటుంది. ఈ ఊరి టిఫిన్ నాకు చలికాలంలోనే ఎక్కువ నచ్చడానికి ఇదొక కారణం. ఇంట్లో మీకు పిండి పొంగకపోతే కంగారు పడకండి, దీపం పెట్టినంత వేడి తగిలే చోట ఇంకో మూడు గంటలు ఉంచండి.

మూడో రోజుకు శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నాటిది. ఇడ్లీ, వడ, ఖారా బాత్ (మన ఉప్మా లాంటిది), కేసరి బాత్ (రవ్వ కేసరి), కాఫీ, టీ, దాదాపు అంతే. సాంబారు ఉండదు, చట్నీ ఎంత కావాలంటే అంత పోస్తారు. ఇక్కడ నిలబడే తినాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి. దర్శినిలు అని పిలిచే బెంగళూరు చిన్న టిఫిన్ హోటళ్లు చాలావరకు ఇంతే, నడుము ఎత్తు రాతిబల్ల, దాని చుట్టూ నిలబడి తినేవాళ్లు. మా పెదనాన్న వచ్చినప్పుడు ఒక మడత స్టూలు తీసుకెళ్లాను. రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చోబెట్టి, పళ్లెం చేతికిచ్చాను. ఎవరూ వింతగా చూడలేదు, పైగా పక్కనున్న ఒకాయన ఆయన కోసం చట్నీ తెచ్చిపెట్టాడు. మీరూ అలా చేయొచ్చు. మల్లేశ్వరం వైపు వెళితే వీణా స్టోర్స్ ఇడ్లీ కూడా ఇదే తీరు. ఆ చుట్టుపక్కలే సి.టి.ఆర్.లో బెణ్ణె దోశ, అంటే వెన్న దోశ. అక్కడ మాత్రం కూర్చోవచ్చు.

ఎక్కడికెళ్లినా ఆదివారం పదింటికి వెళ్లకండి. కొన్నేళ్ల కిందట మా మేనమామను, అత్తను అలాగే తీసుకెళ్లాను, పేరున్న ఒక హోటల్‌కి. ఫుట్‌పాత్ మీద గంటా పదిహేను నిమిషాలు నిలబడ్డాం. లోపలికి వెళ్లేసరికి మామయ్య కాళ్లు వాచాయి. వెనక నిలబడ్డవాళ్లు మా కుర్చీల కోసం చూస్తున్నారు. ఆయన సగం దోశ తిని చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. అదే మనిషి మరుసటి ఏడాది మంగళవారం ఏడింటికి అదే చోట రెండు దోశలు తిని, కాఫీ రెండోసారి అడిగి తాగాడు. వంట మారలేదు, మేం వెళ్లిన వేళ మారింది.

కాఫీ గురించి ఒక్క మాట. ఇక్కడ "బై టూ" అని అడిగితే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తారు. ఎవరూ చిన్నచూపు చూడరు, అది ఊరి అలవాటు. చలిలో దీనికో లాభం ఉంది. పెద్ద గ్లాసు కాఫీ చివరికొచ్చేసరికి చల్లారిపోతుంది, చిన్న గ్లాసుది ఆఖరి గుక్క దాకా వేడిగా ఉంటుంది. ఒకచోట బై టూ, పావుగంట నడిచి ఇంకోచోట బై టూ. షుగర్ ఉన్నవాళ్లు "చక్కెర లేకుండా" అని ముందే చెప్పాలి, చాలాచోట్ల కలిపే ఉంచుతారు.

నాన్నగారు మాంసం తింటారో లేదో మీరు రాయలేదు. చాలామంది కార్తీకం అంతా మానేస్తారు, అది వెళ్లాక తినేవారైతే మీ ఇంటికి హొసకోటె దగ్గర. శని, ఆదివారాల్లో తెల్లవారుజామునే అక్కడ దమ్ బిర్యానీ కోసం బెంగళూరు నుంచి జనం బారులు తీరతారు. నాలుగింటికి లేచి వెళ్లే ఆ ప్రయాణం కుర్రవాళ్లకు సరదా. పెద్దవాళ్లతో, పొగమంచులో హైవే మీద నేను వెళ్లమనను. వాళ్లకు మిలటరీ హోటల్ మేలు, మాంసాహార హోటళ్లను ఇక్కడ అలా అంటారు. పొద్దున్నే తెరిచేవి ఉంటాయి. రాగి ముద్ద, అంటే మన సంగటే, మటన్ సారు, కాళ్ల సూప్. చలి పొద్దుటి పూట కాళ్ల సూప్‌కి మించింది నాకు తెలియదు. ఇక దొన్నె బిర్యానీని హైదరాబాద్ బిర్యానీతో పోల్చకుండా తినమనండి. చిన్న గింజ జీరక సాంబ బియ్యం, పుదీనా, కొత్తిమీర పచ్చదనం, ఆకు దొన్నెలో వడ్డన. అది వేరే వంట.

ఇప్పుడు కాయల దగ్గరికి వస్తాను. ఇది చెప్పడానికే ఈ సమాధానం రాయడం మొదలుపెట్టాను.

బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ గుడి ఉంది. ఒకే రాతిలో చెక్కిన నంది, దాదాపు 15 అడుగుల ఎత్తు. పదహారో శతాబ్దంలో కెంపేగౌడ కట్టించాడని చెబుతారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శెనక్కాయలు పండిస్తే, ఒక ఎద్దు రాత్రిపూట వచ్చి చేను మేసి పోయేదట. దాన్ని తరిమితే ఇక్కడికొచ్చి రాయైపోయిందట. అప్పటినుంచి తొలి పంట దానికే పెడతామని రైతులు మొక్కుకున్నారని కథ. కార్తీకం ఆఖరి సోమవారం జరిగే కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, అదే. ఏడాదిని బట్టి నవంబర్‌లోనో డిసెంబర్ మొదటి వారాల్లోనో పడుతుంది. కన్నడవాళ్ల పంచాంగం, మన పంచాంగం నెల లెక్కలో ఒకటే కాబట్టి ఇంట్లో క్యాలెండర్ చూస్తే తేదీ తెలిసిపోతుంది. ముందు శని, ఆదివారాల నుంచే దుకాణాలు వెలుస్తాయి.

బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా రెండు వైపులా కాయల కుప్పలు. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి. రెండు గింజలవి, మూడు గింజలవి, సన్న రకం, లావు రకం, దేని కుప్ప దానిది. సేరుతో కొలిచి ఇస్తారు. చింతామణి, శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చినవాళ్లు నోరు విప్పితే తెలుగే. అమ్మగారికి బేరం ఆడటం ఇష్టమైతే అక్కడ ఆడుకోవచ్చు. ఇక్కడివాళ్లు దీన్ని బడవర బాదామి అంటారు, పేదవాడి బాదం అని.

ఉడికినవే కొనండి. గోనెపట్టా కప్పిన గంపలోంచి చేత్తో తోడి కాగితంలో పోస్తుంది ఆవిడ. పట్టా ఎత్తగానే తడిమట్టి, ఉప్పు కలిసిన వాసన వస్తుంది. వేలితో నొక్కగానే కాయ నోరు తెరుచుకుని, లోపలి ఉప్పునీరు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతుంది. లోపల గింజ లేత గులాబీ రంగులో, తోలుతో సహా మెత్తగా ఉంటుంది. స్వెటర్ చేతులు ముందే పైకి మడుచుకోవాలి. నేను పుట్టింది శెనక్కాయ చేల మధ్యే. అయినా చలి సాయంత్రం ఆ గుంపులో నిలబడి తింటే మా ఊరు ఇంత దగ్గరగా ఉందా అనిపిస్తుంది.

అమ్మగారి ఉపవాసం సంగతి. పరిషె ఎటూ సోమవారమే. మా అమ్మ కూడా అన్ని సోమవారాలూ ఉండేది. ఒక ఏడాది ఆవిడను సాయంత్రం ఐదింటికి తీసుకెళ్లాను. నందికి దండం పెట్టుకుని, పక్కనే ఉన్న బ్యూగల్ రాక్ పార్కులో కూర్చుంది. చీకటి పడి చుక్క కనిపించాక, సంచిలో తెచ్చుకున్న ప్రమిద వెలిగించి, నాలుగు ఉడికిన కాయలు ఒలిచి నోట్లో వేసుకుంది. ఇంటికెళ్లి స్నానం చేసి అన్నం తిన్నాక కూడా ఆ కాయల గురించే మాట్లాడింది. మీ ఇంటి ఆచారం ఎలాగో అమ్మగారినే అడగండి. ఉప్పు వేసినవి వద్దంటే వేయించినవి ఇంటికి తెచ్చుకోవచ్చు. నాన్నగారిని మాత్రం సోమవారం సాయంత్రం ఆ తోపులాటలోకి తీసుకెళ్లొద్దు. ఆదివారం పొద్దున ఎనిమిది లోపు దుకాణాలు సర్దుకుంటుండగా వెళితే తీరిగ్గా చూడొచ్చు. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, ఆ ఒక్కరోజు క్యాబ్ పెట్టుకోండి.

రెండోది అనపకాయ. మీ వైపు చిక్కుడు గింజలు అంటే దగ్గరగా అర్థమవుతుంది, కన్నడలో అవరెకాయి. మంచు పడటం మొదలయ్యాక కాయకు జిడ్డులాంటి వాసన పడుతుంది, దాన్ని సొగడు అంటారు. ఒలిచాక వేళ్లకు సాయంత్రం దాకా ఉంటుంది ఆ వాసన. డిసెంబర్, జనవరి దీనికి అసలు కాలం. వి.వి.పురం తిండి వీధిలో అప్పుడు అనప గింజల దోశ, రొట్టె, ఉప్మా, కారపు మిక్చర్, అన్నీ దానితోనే. అమ్మానాన్నలు నవంబర్‌లోనే వెళ్లిపోతే మొదటి కాయ దొరకొచ్చు, మార్కెట్లో కనిపిస్తే ఇంట్లో చేసుకోండి. గింజలు రాత్రంతా నానబెట్టి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టి పితికితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ల మధ్య మిగులుతుంది. మా వైపు పితికిపప్పు అంటాం, ఇక్కడ హితకబేళె. నలుగురు కూర్చుని గంట పితికితే ఒక పూట కూర. నాన్నగారు కుర్చీలో కూర్చుని చేయగలిగిన పని, మా పెదనాన్న రోజూ అదే అడిగేవాడు.

తిండి వీధికి నవంబర్‌లో కూడా వెళ్లొచ్చు. సాయంత్రం ఆరింటికి, జనం పోగవకముందు. పెనం మీదినుంచి తీసిన వేడి ఒబ్బట్టు మీద నెయ్యి, అంటే మన బొబ్బట్టు. గుంత పొంగనాలను ఇక్కడ పడ్డు అంటారు. 1953 నాటి వి.బి. బేకరీలో కాంగ్రెస్ బన్, వెన్న రాసిన బన్‌లో కారం పట్టించిన శెనక్కాయ పప్పులు. నలుగురికి రెండు చొప్పున కొని పంచుకోండి, లేకపోతే మూడో దుకాణం దగ్గరే కడుపు నిండిపోతుంది.

తిరిగి వచ్చేటప్పుడు జయనగర్, బసవనగుడి వీధుల్లో ఆకాశమల్లె చెట్లు చూపించండి. ఈ నెలల్లోనే పూస్తాయి, పొడుగు కాడ తెల్లపూలు రాత్రి రాలి ఫుట్‌పాత్ మీద పరుచుకుంటాయి. అమ్మగారు తప్పక ఒంగి నాలుగు ఏరుకుంటారు.

క్రిస్మస్ కేకులు, బ్రిగేడ్ రోడ్డు దీపాలు డిసెంబర్ రెండో వారం తర్వాతి సంగతి. అప్పటికి వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి వదిలేస్తున్నాను.

కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తే మసాలా దోశ వద్దు, లోపలి కూరలో ఉల్లి ఉంటుంది. ఖాళీ దోశ అడగండి, చట్నీలో వెల్లుల్లి ఉందా అని సర్వర్‌ని అడిగితే నిజమే చెబుతారు. నీళ్లు ఇంటి నుంచి ఫ్లాస్కులో వేడివి తీసుకెళ్లండి, చలిలో చల్లటి నీళ్లు తాగి గొంతు పట్టేసిన చుట్టాలను చాలామందిని చూశాను.

పరిషెలో పచ్చికాయలు విజయవాడకు పట్టుకెళ్లాలనుకుంటే ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, చెమ్మకు బూజు పడుతుంది. బాల్కనీలో రెండు రోజులు గుడ్డ మీద ఆరబోసి, గోనె సంచిలోకి ఎత్తండి. ఉడికినవి ఆ రాత్రికే తినేయాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున పోపు వేసుకోండి.

ఈ ఏడాది పరిషెకు ముందు ముసురు పడితే ఇక్కడే మళ్లీ రాయండి. ఏ పూట వెళ్లొచ్చో నేను పొద్దున నడకకు వెళ్లినప్పుడు చూసి చెబుతాను.